అక్షరాలు లేని పాస్టీ

నేను నీళ్ళు పరీక్షించే ల్యాబ్‌లో పనిచేస్తాను. పదకొండేళ్ళుగా నా పని ఒకటే. సీసాలో వచ్చిన నీళ్ళలో ఏముందో చూడడం, చూసింది రాయడం. చూడనిది రాస్తే ఉద్యోగం ఊడుతుంది. అలాంటిదాన్ని కనుక దయ్యాల కబుర్లు మొదలయ్యాయంటే నేను లేచి టీ పెట్టుకోవడానికి వెళ్ళిపోయే రకం. చిన్నప్పుడు మా వీధిలో ఎవరికో గాలి సోకిందని ఊరంతా పరిగెడితే, నేను గడప మీద కూర్చుని లెక్కలు చేసుకున్నానని మా అమ్మ ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది.

ఇది కూడా ల్యాబ్ రిపోర్టులాగే రాయాలని కూర్చున్నాను. తెలియని చోట తెలియదనే రాస్తాను. ఒక్క విషయం మాత్రం ముందే చెప్పాలి. మా పాప పేరు ఇందులో ఎక్కడా రాయను. ఎందుకో చివరికి మీకే తెలుస్తుంది.

మాది విజయనగరం జిల్లా. ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌కి చదువుకోడానికి వచ్చి, ఉద్యోగం దొరికాక ఆ ఊళ్ళోనే మాసన్ లేక్స్ అనే పేటలో స్థిరపడ్డాను. నా భర్త డాన్ ఇక్కడివాడే. వాళ్ళమ్మ పేరు రూత్. ప్రైమరీ స్కూల్లో టీచరుగా చేసి రిటైరైంది. మా మామగారు పోయాక, మాకు ఇరవై నిమిషాల దూరంలో ఒక్కతే ఉంటోంది. "నన్ను రూత్ అని పిలువు చాలు" అని మొదటిరోజే చెప్పింది. అత్తగారిని పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాలేదు. చివరికి రూత్ ఆంటీ దగ్గర ఇద్దరం రాజీపడ్డాం.

ఆవిడకు ఉన్న పిచ్చల్లా వంశవృక్షం. వాళ్ళ పూర్వీకులు ఇంగ్లండుకు నైరుతి మూలనున్న కార్న్‌వాల్ నుంచి రాగి గనుల్లో పనికి వచ్చి, మూంటా అనే ఊళ్ళో దిగారు. మా ఇంటి నుంచి కారులో రెండు గంటలు. ఆవిడ ఇంట్లో అన్నం తినే బల్ల మీద అన్నం తప్ప అన్నీ ఉండేవి. పెళ్ళి పత్రాలు, చర్చి రిజిస్టర్ల నకళ్ళు, చివరలు అతికించి పొడవు పెంచుకుంటూ పోయిన కాగితం చుట్ట.

ఆ జనం ఎలా బతికారో ఆవిడ నోట వింటే నాకు మావాళ్ళే గుర్తొచ్చేవారు. సున్నపురాళ్ళు, మట్టి కలిపి ఇల్లు తామే కట్టుకునేవారట. తల వంచితే గాని గుమ్మంలోంచి లోపలికి పోలేరు. పైకప్పు కింద గుడ్డ కట్టేవారు, పురుగులు మీద పడకుండా. నీళ్ళు లేవు. వానొస్తే కప్పు మీద పడిన నీళ్ళు పెరట్లో తవ్విన నేలతొట్టిలోకి పోవాలి. ఏడాదంతా అవే తాగాలి. మరుగుదొడ్డి గొయ్యి అక్కడికి నాలుగడుగులు. వింటుంటే నా ఉద్యోగం బుర్రకెక్కి, ఆ నీళ్ళలో ఏమేం ఉండి ఉంటాయో మనసులో రాసుకునేదాన్ని.

మగవాళ్ళు టోపీకి మట్టిముద్దతో కొవ్వొత్తి అతికించుకుని గనిలోకి దిగేవారు. మధ్యాహ్నానికి పాస్టీ పట్టుకెళ్ళేవారు. పాస్టీ అంటే మన కజ్జికాయే అనుకోండి, కాకపోతే అరచేయంత పెద్దది. లోపల కొబ్బరి బదులు మాంసం, బంగాళాదుంప, ఉల్లిపాయ. ఎవరిది ఏదో తెలియడానికి, ఇల్లాలు పచ్చి పిండితో వాళ్ళ పేరులోని మొదటి అక్షరాలు చేసి ఒక కొసన అతికించి కాల్చేది. రెండో కొసనుంచి తినడం మొదలుపెట్టాలి. అక్షరాలున్న వైపు చివరికి మిగలాలి. సగం తిని పక్కన పెట్టినా ఇంకొకరు ముట్టరు.

రూత్ ఆంటీ ఈ పని వాళ్ళ అమ్మమ్మ కెజయా దగ్గర నేర్చుకుంది. నేను గొడ్డుమాంసం తినను కనుక నాది దుంపలతో చేసి, శారద అని తెలిసేలా ఒక అక్షరం అతికించేది. ఒకసారి పిండి ఒత్తుతూ, "మా అమ్మమ్మ అందరి పాస్టీలకూ అక్షరాలు పెట్టేది, తనదానికి మాత్రం పెట్టుకునేది కాదు. ఎందుకంటే, ఖాళీగా ఉన్నది నాదే అనేది" అని నవ్వింది. నేనూ నవ్వాను.

ఆ కెజయా దగ్గరే ఆవిడ పరిశోధన ఆగిపోయింది. కెజయా తల్లిదండ్రులెవరో పెళ్ళి పత్రంలో ఉంది. తల్లి పేరు మేరీ. కానీ ఆ దంపతులకు కెజయా అనే బిడ్డ పుట్టినట్టు గాని, బాప్తిస్మం ఇచ్చినట్టు గాని ఎక్కడా లేదు. దొరికిందల్లా ఎలిజబెత్ జేన్ అనే ఇంకో అమ్మాయి బాప్తిస్మం. ఆ అమ్మాయి కెజయాకు అక్క అయ్యుంటుందని, పెళ్ళయి ఎటో వెళ్ళిపోయి ఉంటుందని రూత్ ఆంటీ ఊహ.

ఇక్కడ నా తప్పు చెప్పాలి. ఆవిడ కంప్యూటర్‌లో పోగేసిన చిట్టాలన్నీ కలగాపులగంగా ఉంటే, ఒక ఆదివారం సర్దిపెట్టాను. అందులో ఎలిజబెత్ జేన్ బాప్తిస్మం నాలుగుసార్లు కనిపించింది. అదే తల్లి, అదే తండ్రి, అదే పేరు. సంవత్సరాలు మాత్రం వేరు. పాత చేతిరాత కదా, అంకెలు ఒక్కొక్కరు ఒక్కోలా చదివి ఎక్కించి ఉంటారనుకున్నాను. ల్యాబ్‌లో ఒకే సీసా నాలుగుసార్లు నమోదైతే మూడు తీసేస్తాం. అదే చేశాను. మూడు వరుసలు నా చేత్తోనే తుడిచేశాను.

మా ఇంట్లో పుట్టిన మనిషి ఆ పొరపాటు చేయకూడదు. మా నాన్న పేరు తవిటయ్య. ఆయనకు ముందు మా నాయనమ్మకు ముగ్గురు పుట్టి పోయారు. నాలుగోవాడు పుట్టగానే చేటలో తవుడు పోసి అందులో పడుకోబెట్టి, పక్కింటావిడకు గుప్పెడు తవుడుకు అమ్మేశారు. ఆవిడ ఇంటికి తీసుకెళ్ళి, మళ్ళీ తెచ్చి పెంచమని ఇచ్చింది. ఈ బిడ్డ ఈ ఇంటిది కాదు, తవుడుకు కూడా కొరగాదు అని చావుకు చెప్పడమన్నమాట. మావైపు ప్రతి వీధిలో ఒక తవిటయ్యో తవిటమ్మో ఉంటారు. ఇక్కడ యూనివర్సిటీలో ఫారం నింపేటప్పుడు తండ్రి పేరుకు అర్థమేమిటని అడిగితే సిగ్గుపడి, దేవుడి పేరని చెప్పిన ఘనురాలిని నేను.

పెళ్ళయిన నాలుగేళ్ళలో నాకు రెండుసార్లు కడుపు పోయింది. ఒకటి నాలుగో నెలలో, రెండోది అయిదో నెల నిండాక. రెండోసారి తర్వాత నేను మనుషుల్లో పడడానికి చాలాకాలం పట్టింది. మూడోసారి ఆరు నెలలు దాటి, స్కానింగ్‌లో అన్నీ బాగున్నాయన్నాక గాని ఊపిరి తీసుకోలేదు. అమ్మాయని తెలిసింది. రూత్ ఆంటీ కళ్ళనీళ్ళు పెట్టుకుని, "ఎలిజబెత్ జేన్ అని పెడదామా?" అని అడిగింది. పుట్టకముందే పేరు పెట్టడం మా ఇళ్ళల్లో లేదు. కానీ ఆవిడ ముఖం చూసి కాదనలేకపోయాను. సరేనన్నాను. వారం తిరక్కుండా డాన్ పాప గది గోడ మీద ఆ పేరు రంగులతో రాసేశాడు. నాకు నచ్చింది కూడా. అబద్ధం ఎందుకు చెప్పాలి.

ఏడో నెలలో ఒక శనివారం ముగ్గురం మూంటా బయలుదేరాం. పొద్దున్నే రూత్ ఆంటీ ఇంట్లో పాస్టీలు చేశాం. ఆవిడకొకటి, డాన్‌కొకటి, నాకొకటి. మిగిలిన పిండితో ఆవిడ చిన్నది, నిజంగా కజ్జికాయంతది చేసి, దుంపముక్కలు పెట్టి, కొసన ఇ, జె అని రెండు ఇంగ్లీషు అక్షరాలు అతికించింది. "మన చిన్నమ్మాయికి" అంది. అక్షరాల అంచులు సరిచేసింది నేనే. నాలుగూ గుడ్డలో చుట్టి ఎస్కీలో, అదే పిక్నిక్‌కి తీసుకెళ్ళే మూత పెట్టెలో సర్ది, గడియ వేసి డిక్కీలో పెట్టాం.

మూంటాలో అప్పటి గనికార్మికుల ఇల్లు ఒకటి చూశాం. నేలతొట్టి మీద చెక్కమూత ఉంది. తర్వాత శ్మశానానికి వెళ్ళాం. కడుపుతో ఉన్నవాళ్ళు వెళ్ళకూడదని నాకు తెలుసు. అమ్మకు చెప్పకుండా వెళ్ళాను. కారు కంచె పక్కనే ఆపాం. కంచె దాటగానే పిల్లల్ని పూడ్చిన భాగం. అక్కడ రాళ్ళు లేవు, పేర్లు లేవు. చదునైన ఎర్రమట్టి, మధ్యమధ్య ఎండిన గడ్డి, అంతే. అది పిల్లల చోటని బోర్డు చదివేదాకా నాకు తెలియలేదు. అప్పటికే దాని మీదుగా నడిచాను.

గంట తర్వాత కారు దగ్గరికొచ్చాం. పట్టపగలు, ఎండ బాగా ఉంది. తాళం డాన్ జేబులో ఉంది. కారు తాళం వేసినట్టే ఉంది, అద్దాలు పూర్తిగా ఎత్తి ఉన్నాయి. ఎస్కీ గడియ నేనే తీశాను. గుడ్డ పొద్దున చుట్టిన చుట్టలోనే ఉంది.

మూడు పాస్టీలు చెక్కుచెదరలేదు. చిన్నదాన్ని మాత్రం నాలుగుచోట్ల కొరికారు.

డాన్ ముందు నవ్వాడు. "అమ్మా, దారిలో ఆకలేసిందా?" అన్నాడు. రూత్ ఆంటీ నవ్వలేదు. తర్వాత ఎలుక అన్నాడు. ఎస్కీలో రంధ్రం లేదు, గుడ్డకు చిరుగు లేదు, పొడి రాలలేదు. నాకు చెయ్యి అలవాటు కొద్దీ పనిచేసింది. కొలత తెలియడానికి పక్కన పెన్ను పెట్టి ఫోటో తీశాను. నాలుగు గాట్లు, నాలుగు సైజులు. అన్నిటికన్నా చిన్నదానిలో పైన రెండు, కింద రెండు పళ్ళ గుర్తులే ఉన్నాయి. మిగతావి వరసగా కొంచెం కొంచెం పెద్దవి. పెద్దవాళ్ళ నోరు కాదు ఏదీ. అన్నీ అక్షరాలు లేని కొసనుంచే మొదలయ్యాయి. ఇ, జె ఉన్న వైపు ఒక్క గాటు లేదు. ఆ పద్ధతి తెలిసినవాళ్ళు తిన్నట్టుంది.

ఎవరమూ ఏమీ తినలేదు. చిన్నదాన్ని మళ్ళీ గుడ్డలో చుట్టేశాం. పాత రికార్డులుండే గదికి రెండు గంటలకు రమ్మన్నారు కనుక అక్కడికి వెళ్ళాం. అది నడిపే పెద్దాయన ఎలిజబెత్ జేన్ పేరు విని, ఖననాల పుస్తకం నకలు తెరిచి వేలు పెట్టాడు. కాసేపటికి ఆ వేలు కిందికి జరిగింది. పేజీ తిప్పాక ఇంకోచోట ఆగింది. మరో రెండు పేజీల తర్వాత మళ్ళీ.

"మీరు వెతుకుతున్నది వీళ్ళలో ఎవర్ని?" అని అడిగాడు.

నలుగురు ఎలిజబెత్ జేన్‌లు. అందరికీ తల్లి మేరీయే. ఒక బిడ్డ పోతే తర్వాత పుట్టినదానికి అదే పేరు పెట్టారు. అది పోతే మళ్ళీ. అప్పట్లో చాలామంది అలా చేసేవారట, పోయినదాని పేరు నిలబెట్టడానికి. పద్నాలుగు నెలలు, రెండేళ్ళు, మూడేళ్ళు, నాలుగేళ్ళు. ఇద్దరికి జ్వరం, ఇద్దరికి గొంతు వాపు. జ్వరమంటే ఏ జ్వరమో, ఏ నీళ్ళలోంచి వచ్చిందో ఆ పుస్తకం రాసినవాళ్ళకన్నా నాకే బాగా తెలుసు. నలుగురూ మేం కారు ఆపిన కంచె పక్కనే ఉన్నారు. ఎక్కడన్నది గుర్తు లేదు.

నేను తుడిచేసిన మూడు వరుసలూ నా కళ్ళముందు నిలబడ్డాయి. రూత్ ఆంటీ చెయ్యి పట్టుకుని, "ముగ్గురిని నేనే తీసేశానాంటీ" అన్నాను. ఆవిడ నా వీపు నిమిరింది.

తిరుగుదారిలో పాప కదలడం లేదని గమనించాను. పొద్దున పిండి ఒత్తుతున్నప్పుడు బాగా తన్నింది. తర్వాత ఎప్పుడు ఆగిందో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. చల్లటి నీళ్ళు తాగాను, ఎడమవైపు తిరిగి పడుకున్నాను. ఏమీ లేదు. డాన్ ఇంటికి కాకుండా ఆస్పత్రికి తిప్పాడు.

నడుముకు బెల్టు కట్టి గుండె చప్పుడు చూశారు. ఉంది. కానీ గీత పడుతూ లేస్తూ ఉండాల్సింది, చదునుగా పోతోంది. బిడ్డ ఊపిరితిత్తుల కోసం ఇంజెక్షన్ ఇచ్చారు. రేపు సాయంత్రానికి ఇలాగే ఉంటే కోసి తీసేస్తామని, ఇన్ని వారాలకే తీస్తే కష్టమేనని డాక్టరు దాపరికం లేకుండా చెప్పింది. మూడోసారి. నాకు ఏడుపు రాలేదు.

అమ్మకు ఫోన్ చేసి అన్నీ చెప్పాను, పాస్టీ సంగతితో సహా. వెక్కిరిస్తుందనో, భయపడుతుందనో అనుకున్నాను. తిట్టింది.

"ఏటే గుంటా, కడుపుతో ఉన్నదానివి సమాధులకాడికెళ్తావేటే? పుట్టకముందే పేరెట్టడమేటి, ఆ పేరుతో తిండి వండడమేటి? ఆళ్ళ పేరెట్టి వండితే ఆళ్ళు రారేటి? పసిగుంటలు, ఆకలేసి వొచ్చినారు. ఆళ్ళ తప్పేటున్నాది?" అంది. తర్వాత గొంతు తగ్గించి, "ఆ పేరు తీసీయే అమ్మా. ఆళ్ళ పేరు ఆళ్ళకిచ్చీ" అంది.

నమ్మానా అంటే, లేదు. కానీ రూత్ ఆంటీకి చెప్పాను. ఆవిడ చర్చి మనిషి, టీచరు, ఇలాంటివాటికి ఆమడ దూరం. మంచం పక్కన కూర్చుని చివరిదాకా విన్నది. "మీ అమ్మ చెప్పింది సబబుగానే ఉంది" అని లేచి వెళ్ళిపోయింది.

మర్నాడు ఆదివారం. డాన్ పొద్దున్నే ఇంటికెళ్ళి పాప గది గోడకు తెల్లరంగు వేశాడు. రూత్ ఆంటీ ఆ చిన్న పాస్టీ పట్టుకుని ఒక్కతే మళ్ళీ రెండు గంటలు డ్రైవ్ చేసుకుంటూ మూంటా వెళ్ళింది. పిల్లల భాగం మధ్యలో నేల మీద దాన్ని పెట్టి, ఎలిజబెత్ జేన్ అని నాలుగుసార్లు పైకి పిలిచిందట. ఒక్కొక్కసారి వయసు కూడా చెప్పి. తరగతిలో హాజరు తీసుకున్నట్టే పిలిచాను అని తర్వాత చెప్పింది.

నాకు తెలిసినంతవరకు రాస్తున్నాను. పాప తన్నింది. ఒకసారి కాదు, వరసగా. నర్సు పరుగున వచ్చి చార్టులో టైము వేసింది, పన్నెండూ ఇరవై. రూత్ ఆంటీ ఫోన్ వచ్చింది పన్నెండున్నరకు. ఇప్పుడే అయింది, కారు దగ్గరికి వచ్చాను అంది. ఆ ఫోన్ కాల్ వివరం, ఆస్పత్రి కాగితం రెండూ నా దగ్గరున్నాయి. ఇంజెక్షన్ పనిచేసి ఉండవచ్చు. డాక్టరు అదే అంది. కాదనడానికి నా దగ్గర ఆధారమేమీ లేదు.

పాప నెల ముందుగా పుట్టింది. రెండు కిలోలు కూడా లేదు, గాజుపెట్టెలో రెండువారాలు ఉంది. అమ్మ విజయనగరం నుంచి వచ్చింది. సూట్‌కేసులో వెదురు చేట. ఎయిర్‌పోర్టులో ఆఫీసరు దాన్ని తిప్పి తిప్పి చూసి, ఇదెందుకని అడిగితే, "మనవరాలిని అమ్మడానికి" అని తెలుగులో నిజమే చెప్పిందట. అతనికి అర్థం కాక వదిలేశాడు. తవుడు మాత్రం ఇక్కడి సూపర్‌మార్కెట్‌లోదే, గోధుమ తవుడు.

ఇరవై ఒకటో రోజున పాపను చేటలో తవుడు మీద పడుకోబెట్టాం. పక్కింట్లో ఉండే హైదరాబాదు ఆంటీ, షాహీన్ ఆంటీ, గుప్పెడు తవుడిచ్చి కొనుక్కుంది. ఎందుకని ఒక్క ప్రశ్న అడగలేదు. వాళ్ళింటికి తీసుకెళ్ళి పావుగంట ఉంచుకుని, "మా బిడ్డమ్మా, జర మంచిగ చూసుకో" అని నా చేతిలో పెట్టింది. అప్పుడు ఏడ్చాను. అన్ని నెలల ఏడుపూ అప్పుడే వచ్చింది. మా నాన్న పేరుకు అర్థం అడిగితే దాచినదాన్ని, నా కూతుర్ని నేనే తవుడుకు అమ్మాను. ఇంట్లో దాన్ని తవుడూ అనే పిలుస్తాం.

రూత్ ఆంటీ అదంతా ఓ మూల నిలబడి చూసింది. అమ్మ వివరంగా చెబితే నేను ఇంగ్లీషులోకి మార్చాను. బిడ్డలు పోతున్న ఇంట్లో కొత్త బిడ్డను ఇంకో ఇంటి బిడ్డగా చేసేస్తామని. అప్పుడే నా బుర్రలో ఒకటి మెదిలింది. "ఆంటీ, మీ అమ్మమ్మ కెజయాను మేరీ పేరు కింద వెతుకుతున్నారు కదా, ఒకసారి చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళ పేర్ల కింద చూడండి" అన్నాను.

మూడు వారాల్లో దొరికింది. మేరీ ఇంటికి రెండిళ్ళ అవతల ఉన్న కుటుంబం కింద, వాళ్ళ బిడ్డగా, కెజయాకు బాప్తిస్మం ఇచ్చి ఉంది. ఆ కుటుంబంలో గాని, మేరీ కుటుంబంలో గాని అంతకుముందు ఎవరికీ లేని పేరు. ఏడేళ్ళ తర్వాత బడి పుస్తకంలో అదే పిల్ల మేరీ కూతురిగా ఉంది. అలాంటి ఆచారం కార్న్‌వాల్‌లో ఉందేమోనని రూత్ ఆంటీ అడగని చోటు లేదు. ఎవరూ వినలేదన్నారు. దత్తత కావచ్చు, రాతలో పొరపాటు కావచ్చు. నలుగురిని ఒకే పేరుతో పూడ్చుకున్న తల్లి ఆ అయిదోసారి ఏమనుకుందో ఏ పుస్తకంలోనూ రాసి లేదు. రూత్ ఆంటీ ఆ కాగితం బల్ల మీద పెట్టి, "ఖాళీగా ఉన్నది నాదే" అని మెల్లగా అంది. ఆ మాట ఎవరిదో ఇద్దరికీ తెలుసు.

తుడిచేసిన ముగ్గురిని నా చేత్తోనే తిరిగి ఎక్కించాను.

ఫోటోను ఒక్కసారే బయటివాళ్ళకు చూపించాను. మా ల్యాబ్‌లో పనిచేసే ఆవిడ భర్త పళ్ళ డాక్టరు. ఏమీ చెప్పకుండా ఫోన్ అతని చేతికిచ్చాను. పెద్దది చేసి చూసి, "కిండర్‌గార్టెన్‌లో పార్టీయా? కనీసం నలుగురు పిల్లలు. ఈ చిన్నదానికి ఏడాది దాటి ఒకటి రెండు నెలలు ఉంటుందేమో" అన్నాడు. అవునన్నాను.

ఏటా ఒకసారి మూంటా వెళ్తాం. నాలుగు చిన్న పాస్టీలు చేసి, నాలుగింటికీ ఇ, జె అతికించి తీసుకెళ్తాం. వాటి మీద మళ్ళీ ఎప్పుడూ ఒక్క గాటు కనిపించలేదు. నేల మీద పెట్టి వచ్చేస్తాం, కాకులు తింటాయి. అంతకన్నా ఏదైనా జరిగిందని చెబితే అది అబద్ధమే.

మా పాపకు ఇప్పుడు మూడున్నర. తెలుగంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో. కిండర్‌గార్టెన్‌లో అక్షరాలు నేర్పుతున్నారు. పోయిన ఆదివారం రూత్ ఆంటీ పాస్టీలు చేస్తుంటే, స్టూలెక్కి పక్కన నిలబడింది. మా అందరివాటి మీదా అక్షరాలున్నాయి. దానిది ఎప్పట్లాగే ఖాళీ. నేను ఉల్లిపాయలు తరుగుతున్నాను. తిరిగి చూసేసరికి, మిగిలిన పిండిని నలిపి, తన పేరులోని మొదటి అక్షరం వంకరటింకరగా చేసి, తన పాస్టీ కొసన అతికించుకుంటోంది.

"లుక్ అమ్మా, మై నేమ్!" అంది.

రూత్ ఆంటీ నన్ను చూసింది. నేను ఆవిడను చూశాను. నేను పదకొండేళ్ళుగా నీళ్ళు పరీక్షిస్తున్నాను, దయ్యాలున్నాయని నమ్మను. చెయ్యి తుడుచుకుని, వెళ్ళి ఆ అక్షరాన్ని ఊడదీసి, వేళ్ళ మధ్య నలిపేశాను. అతికిన చోట గుర్తు కనిపించకుండా బొటనవేలితో నున్నగా రుద్దాను.

గుక్కపట్టి ఏడ్చింది. ఎందుకు తీశావు, అందరికీ ఉంది కదా, నాకెందుకు లేదు అని అడిగింది. నా దగ్గర ఉన్నది ఫోన్‌లో ఒక ఫోటో, అంతే. ఎత్తుకుని, "ఖాళీగా ఉన్నదే నీది తవుడూ" అన్నాను.